తెర మీద అంకె ఎక్కిన రోజు

మొన్న మా చిన్నకోడలు తన ల్యాప్‌టాప్‌ను సైదాబాద్‌లో ఏదో దుకాణంలో ఇచ్చిందట, కూరగాయలు కొని వచ్చేలోగా దానికి మెమొరీ పెంచి ఇచ్చేశారట. ఎంత ఎక్కింది, ఎట్లా ఎక్కింది, దగ్గరుండి చూశావా అని గుచ్చి గుచ్చి అడిగితే, చూడడానికి ఏముంటుంది అత్తమ్మా అని సంచిలోని బెండకాయలు తీసి నా ముందు పోసింది. ఆ పిల్లను అని లాభం లేదు. మెమొరీ పెంచడమంటే ఉప్పుగూడలో మా గల్లీ అంతా వాకిట్లో నిలబడి చూసిన తమాషా అని నా ఈడువాళ్లకు చెబితేనే నమ్ముతారు.

ఎనభైల చివరి మాట. అదే గల్లీలో అమ్మతో ఉండే మా అన్న సర్కారీ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఏదో ఆఫీసువాళ్లు వద్దని తీసేసిన కంప్యూటర్‌ను కొని, రిక్షాలో ఒళ్లో పెట్టుకొని తెచ్చి, ముందుగదిలో బల్ల మీద కూర్చోబెట్టాడు. పెండ్లి పత్రికలు, సంఘాల కరపత్రాలు, బడి పరీక్ష పేపర్లు టైపు చేసి ఇచ్చే దుకాణం పెట్టాలని అతని ఆలోచన. తెలుగు అక్షరాలు వచ్చే ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ కూడా ఎక్కడో సంపాదించాడు. తీరా అది పెడితే, ఉన్న మెమొరీ చాలదని ఇంగ్లీషులో ఒక ముక్క చూపించి యంత్రం మూతి ముడుచుకుంది. ఇంగ్లీషు మాత్రం ఏ పేచీ లేకుండా వచ్చేది.

నా గోడు అంతా అక్కడే ఉంది. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగైనా పెండ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, సాయంత్రాలు వయోజన విద్య బడికి పోయి నేర్చుకున్నదే. పగలంతా అగర్‌బత్తీలు చుట్టిన చేయి ఎంత తోమినా నల్లగానే ఉండేది, పలక పట్టుకుంటే ఏది పలకో ఏది నా చేయో తెలిసేది కాదు, అయినా పట్టుబట్టి నేర్చుకున్నాను. ఒత్తులు ఇప్పటికీ నన్ను సతాయిస్తాయి, అది వేరే సంగతి. ఆ మసి పని మానేసి కుర్చీలో కూర్చొని అక్షరాలు కొట్టే పని చేయాలని ప్రాణం కొట్టుకుపోయేది. అన్న మాట దాచుకునే మనిషి కాదు. ఆ విషయంలో మేమిద్దరం ఒకే అచ్చు.

“తెలుగొస్తే కుర్సీ నీది చెల్లె. రాకుంటే మీ వదిన చెల్లెను కూసోబెడ్త, ఆమెకు ఇంగ్లీష్ టైప్ వస్తది. మళ్ల లొల్లి వెట్టొద్దు,” అన్నాడు.

లొల్లి పెట్టలేదు. వదినతో మాట్లాడడం మానేశాను, అంతే.

అన్నకు రేడియోలు, టీవీలు బాగుచేసే దోస్తు ఒకడుండేవాడు. మేమంతా అతన్ని భాయ్ అనేవాళ్లం. యంత్రం మూత విప్పి, లోపల ఖాళీ గూళ్లున్నాయని, వాటిలో చిప్పులు గుచ్చితే మెమొరీ పెరుగుతుందని చెప్పింది అతనే. ఇద్దరూ కోఠీలో తిరగని దుకాణం లేకుండా తిరిగి వాటిని తెచ్చారు. నల్లగా, రెండు పక్కలా వరుస కాళ్లతో అచ్చం జెర్రి పిల్లల్లా ఉన్నాయి. ఇంతింత పురుగుల్లో నా కుర్చీ ఉందా అని ఒకదాన్ని వేలితో పొర్లించి చూశాను.

ఆదివారం పొద్దున భాయ్ వాటిని స్టీలు పళ్లెంలో పేర్చి, చాయ్ తాగి వచ్చి మొదలుపెడదామని అన్నతో కలిసి గల్లీ మూలకు పోయాడు. వాళ్లు వచ్చేసరికి మా అమ్మ ఒక్కొక్క చిప్పుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేసింది. కుట్టుమిషన్‌కు పెట్టింది, అన్న సైకిల్‌కు పెట్టింది, ఇంట్లోకి కొత్త పనిముట్టు వస్తే బొట్టు లేకుండా పనికి దించడం ఆమె ఎరగదు. నాకూ అందులో తప్పు తోచలేదు, పళ్లెం పట్టుకున్నది నేనే. భాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అరె అమ్మా, వీటికి షాదీ చేసినవా ఏంది?”

“చేస్తే ఏమాయె? ఇంటికొచ్చిన కోడండ్లే గద,” అంది అమ్మ, కుంకుమ భరిణె మూసుకుంటూ.

భాయ్ నవ్వాడు, అన్న ముఖం మాత్రం మాడిపోయింది. ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడిచి, బొటనవేలితో గూళ్లలో నొక్కడం అయ్యేసరికి, కంప్యూటర్‌కు ఆపరేషన్ అవుతున్నదని వాకిలంతా జనం చేరారు. స్విచ్చి వేశాడు.

ఆ కాలపు యంత్రం మేలుకుంటూనే తన మెమొరీని తానే లెక్కపెట్టుకునేది, తెర మూల అంకె పెరుగుతూ కనబడేది. అక్షరాలకన్నా ముందే నాకు అంకెలు వచ్చు, బస్సు నంబర్ల పుణ్యం. రోజూ ఆగే రెండు వందల యాభై ఆరు దగ్గర అది ఆగలేదు. దాటింది, దాటింది అని నేనే అరిచాను. మూడు వందలు దాటి, ఒక్క కూత పెట్టి, అక్కడే నిలిచిపోయింది.

క్రికెట్ వస్తున్నదనుకొని వెనకనుంచి ఒకాయన స్కోరెంతని అడిగాడు. అవుటయిందని అన్న పళ్లు కొరికాడు.

భాయ్ మళ్లీ అన్నీ ఊడదీసి, గూళ్లలో రాలిన కుంకుమను సన్న బ్రష్‌తో దులిపి, తిరిగి గుచ్చాడు. మళ్లీ అదే చోట ఆగింది. ఇక చాలు, తీసేయి, దుకాణంలో తిరిగి ఇచ్చేద్దాం, రేపటినుంచి ఇంగ్లీషు పనే చూసుకుందామన్నాడు అన్న. అప్పటిదాకా టార్చిలైటు పట్టుకొని నిలబడ్డ వదిన మాత్రం యంత్రంలోకి వంగి, లేవలేదు.

“ఆగుండ్రి. గా మూలకున్నదాని కాలొకటి కిందికి మడతపడ్డది. జర సూడు భాయ్.”

ఆ నోరు మూసుకొని ఉంటే కుర్చీలో కూర్చునేది ఆమె సొంత చెల్లెలు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. భాయ్ పట్టకారుతో ఆ కాలు సరిచేసి, పైకి ఏదో దువా చదువుకొని స్విచ్చి వేశాడు. ఈసారి అంకె ఎక్కుతుంటే గల్లీ అంతా దాంతోపాటే గొంతు కలిపి లెక్కపెట్టింది, నాలుగు వందలు, ఐదు వందలు, ఆరు వందల నలభై. ఈలలు పడ్డాయి. ఫ్లాపీ పెట్టగానే అ, ఆ, ఇ, ఈ అని తెర మీద పచ్చగా మెరిశాయి. వదిన కుర్చీ లాగి నా వైపు తోసింది.

“కూసో. ఇంకనన్న మూతి ముడుసుడు బంద్ చెయ్యి,” అంది.

కూర్చున్నాను. తర్వాత అన్న ఇంకో కుర్చీ తెచ్చాడు, ఇంగ్లీషు పనికి ఆమె చెల్లెలూ వచ్చింది, ఒకే యంత్రం దగ్గర వంతులేసుకొని చేసుకున్నాం. ఆ బుద్ధి ముందే పుడితే నాకా బాధ ఉండేది కాదు.

మొదట అమ్మ పేరు కొట్టాను, దేవుడి దయవల్ల అందులో ఒత్తు లేదు. చదువు రాని అమ్మ, ఇందులో నేను ఏడున్నానని అడిగి, చూపించిన చోట అరచేయి ఆనించింది. అప్పటి తెరల మీద చిటపటమని కరెంటు ఆడేది, ముంజేతి మీది వెంట్రుకలు లేచి నిలబడేవి. అమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. నా పేరు చురుక్కుమంటున్నది బిడ్డా అని గల్లీ ఆడవాళ్లందరికీ చెప్పింది. మర్నాడు వాళ్లంతా తమ పేర్లు రాయించుకొని ముట్టుకోవడానికి వచ్చారు. అది పేరు గుణం కాదని నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజులే బంగారమని నేననను. నడుములు పడిపోయాయి, కళ్లు సగం పోయాయి. ఇప్పుడు నోటితో చెబితే ఒత్తులతో సహా తెలుగు దానంతటదే వచ్చేస్తుంది, అది నాకు సంతోషమే. తెరలు మాత్రం నున్నగా, చల్లగా ఉంటున్నాయి. అమ్మ పోయి చాలా ఏండ్లయింది. ఎప్పుడైనా ఫోన్‌లో ఆమె పేరు కొట్టి అరచేయి ఆనించి చూస్తాను. ఒక్క వెంట్రుకైనా లేవదు.