రోడ్డు పట్టును తూచిన ఉదయం

కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా ఫైట్లకు బైకులు సిద్ధం చేయడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో సంపాదించుకున్నదే. ఉప్పు మైదానాల మీద అతివేగంగా బండ్లు నడిపేవాళ్ల గురించి అక్కడే చదివాను. బండి తీసే ముందు వాళ్లు నేల పట్టును కొలుస్తారట. బరువు పెట్టిన టైరును లాగి, ఎంత బలం పట్టిందో చూస్తారు.

ఆ రోజు ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద, హీరోయిన్‌కు డూప్‌గా చేసే అమ్మాయి బైకును బ్రేకు కొట్టి పక్కకు జార్చాలి. గుంటూరు వైపు అమ్మాయి. కిందటేడు ఇలాంటి షాట్‌లోనే భుజం దగ్గర ఎముక విరిగింది. ఈసారి పడితే ఇక ఎవరూ పిలవరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పాత పేపర్లు కొనే ఆయన్ని అడిగి స్ప్రింగ్ కాటా తెచ్చాను. టైరు ముక్క మీద ఇసుక మూట కట్టి, కాటాకు తగిలించి తాడుతో లాగితే ఏడు కిలోలు చూపించింది. మళ్లీ లాగితే తొమ్మిది, ఆ తర్వాత ఆరు. చోటు మాత్రం ఒకటే.

"ఏంటయ్యా, రోడ్డును తూకానికి అమ్ముతున్నావా?" అన్నారు ఫైట్ మాస్టర్. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నువ్వు ఊపుతో లాగేస్తున్నావన్నా. ఒకే నడకన లాగాలి."

పుస్తకంలో ఆ మాట ఉంది. బొమ్మలు చూసే ఉత్సాహంలో నేనే దాటేశాను.

తాడు ఆమే అందుకుంది. చర్చి పాటలకు తాళం వేసే అలవాటుందట. లోలోపల లెక్కపెట్టుకుంటూ ఒకే నడకతో లాగింది. నేను పక్కనే వంగి నడుస్తూ ముల్లు చూశాను. మూడుసార్లూ ఏడే. అలాగే రోడ్డు పొడవునా లాగుతూ పోతే, బ్రేకు కొట్టాల్సిన సున్నపు గీత దగ్గర నాలుగుకు పడింది. మళ్లీ లాగినా నాలుగే. పొద్దున పూజలో దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టింది అక్కడే. ఊడ్చేశారు, చూడ్డానికి ఎండినట్టే ఉంది. వేలు పెడితే జిగటగా జారుతోంది.

"గీడ జారుతది సార్. గీత జర ముందుకు జరపాలె," అన్నాను.

కెమెరా మళ్లీ మార్చాలని మాస్టర్ విసుక్కున్నారు. ఆ తర్వాత తనే వంగి రుద్ది చూశారు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, చెప్పుతో పాత గీత చెరిపేశారు.

షాట్ ఒక్కసారికే అయింది. బైకు అనుకున్న చోట పక్కకు ఒరిగి, జారి, ఆగింది. ఆమె లేచి ముందు భుజం తడుముకుంది. కాసేపటికి నా దగ్గరికి వచ్చింది.

"ఎల్లుండి షాట్‌కి కూడా రమ్మన్నారన్నా. ఆ కాటా అప్పుడే ఇచ్చేయకు."

పేపర్లాయనకు ఏం చెప్పాలా అనుకుంటూ కాటాను సంచిలో పెట్టుకున్నాను.