మసకబారిన తునక

పెద్దసారుకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అదెందుకో మాత్రం ఆయన భార్యకే తెలుసు. ఏ పెళ్లికి వెళ్లినా చుట్టాల్లో ఎవరో ఒకరు చెయ్యి చాపి నాడి చూడమంటారు. ఆయన చూడనంటాడు. పోనీ మందు రాయమంటారు. అదీ రాయనంటాడు. మరి నువ్వేం డాక్టరువి నాయనా అని ఆయన మేనత్త ఒకసారి నలుగురిలో కడిగేసింది. కోసి తీసిన కణితి గానీ, సూదితో లాగిన ముక్క గానీ ఏ జబ్బుదో తేల్చేది పెథాలజీ వాళ్లమేనని, మేం తేల్చేదాకా కత్తి పట్టే డాక్టర్లు కూడా చేతులు కట్టుకుని కూర్చోవలసిందేనని ఆయన పెద్ద ఉపన్యాసమే దంచాడు. అంతా విని ఆవిడ, సరేలే గానీ నా దగ్గుకేమైనా చెప్పు అంది. ఆ సంగతి తలుచుకుని ఆయన భార్య ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది.

ఆయన ల్యాబు ఆసుపత్రి వెనక భాగంలో, ఫార్మలిన్ అనే మందు ఘాటుకు కొత్తవాళ్లు ముక్కు మూసుకునే చోట ఉంటుంది. డబ్బాల్లో వచ్చిన ముక్కలను అక్కడ మందులో నానబెట్టి, తడంతా లాగేసి, మైనం పోసి దిమ్మలు కడతారు. ఆ దిమ్మను యంత్రం మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తారు. కోసిన పొరను గోరువెచ్చని నీళ్ల తొట్టిలో తేలనిచ్చి, ముడతలు విడాక గాజుపలక మీదికి ఎత్తుకుంటారు. దానికి గులాబీ, నీలం రంగులు పట్టించాక ఇక పెద్దసారు వంతు. ఆయన మైక్రోస్కోపులో చూసి సంతకం పెట్టాడంటే అది శిలాశాసనం. ఆ మాట ఎవరైనా ఆయన చెవిన పడేలా అంటే, విననట్టే ఉండి కళ్లద్దాలు తుడుచుకునేవాడు. మనలో మాట, లోలోపల పొంగిపోయేవాడు.

ఆయన కింద పని నేర్చుకుంటున్న డాక్టరమ్మాయి ఒకతె ఉంది. మిగతా పిల్లలు భోజనాల వేళకు ట్రేలు ఖాళీ చేసి పోతే, ఈమె ఒక్క గాజుపలక ముందేసుకుని కదలదు. అందుకే పెద్దసారు ఆమెకు నత్తమ్మ అని పేరు పెట్టాడు. ఏమ్మా, అందులోనే కాపురం పెట్టేశావా అని రోజూ దెప్పేవాడు. ఆ అమ్మాయి నవ్వి ఊరుకునేది గానీ, కన్ను మాత్రం మైక్రోస్కోపు మీంచి తీసేది కాదు.

అలా ఉండగా ఒక బడిలో ఆటలు నేర్పే టీచరమ్మ రొమ్ములో గడ్డతో వచ్చింది. సూదితో తీసిన సన్నని పోగులు ల్యాబుకు వచ్చాయి. పెద్దసారు చూశాడు, క్యాన్సర్ కణాలు కనిపించాయి, సంతకం పెట్టేశాడు. రొమ్ము మొత్తం తీసెయ్యాలని సర్జన్ నిశ్చయించాడు. ఆపరేషన్ తెల్లారితే ఉందనగా, డాక్టర్లంతా కూర్చుని చివరిసారి మాట్లాడుకునే సమావేశం కోసం ఆ గాజుపలకలు సిద్ధం చేసే పని నత్తమ్మకు పడింది.

ఆమె పెద్దసారు గదిలోకి వచ్చి, కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆ టీచరమ్మ గాజుపలక ఇంకోసారి చూడాలంది. చూసిందేగా, సంతకం కూడా అయిందిగా అని ఆయన కసురుకున్నాడు. ఆమె కదల్లేదు.

"ఒక్కసారి ఫోకస్ తిప్పి చూడండి సార్. అన్నీ ఒకేసారి తేటపడటం లేదు," అంది.

పెద్దసారు విసుగ్గానే కన్ను ఆనించాడు. పోగులన్నీ స్పష్టంగా ఉన్నాయి, క్యాన్సర్ ఉన్న ఆ చిన్న తునక మాత్రం మసకగా ఉంది. మర కాస్త తిప్పాడు. తునక తేటపడింది, పోగులన్నీ మసకబారాయి. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. ఆ తునక పోగులతో పాటు గాజుకు అంటుకున్నది కాదు, వాటి మీదికి వచ్చి వాలినది. తొట్టిలో అంతకు ముందు తేలిన వేరే మనిషి పొరలోంచి ఓ తునక నీళ్లలో మిగిలిపోతే, తర్వాతి పొరకు అంటుకుని వచ్చేస్తుంది. ఈ సంగతి కొత్త పిల్లలందరికీ పాఠం చెప్పేది ఆయనే.

ఆ పూట ఆయన భోజనానికి లేవలేదు. టీచరమ్మ మైనం దిమ్మను అడుగంటా కోయించి, పొర పొరా చూశాడు. మచ్చుకైనా ఒక్క చెడ్డ కణం లేదు, ఉన్నదంతా ప్రమాదం లేని గడ్డే. ఆమెకు ముందు కోసిన దిమ్మ ఒక ముసలామెది, పెద్ద క్యాన్సర్ కణితి. ఆ గాజుపలక తెప్పించి పక్కన పెట్టుకున్నాడు. తునక అచ్చం దానిలోదే. ఆ రోజు రద్దీలో నీళ్ల మీద తేలినవి సరిగ్గా తీయలేదేమోనని కోత పనివాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నీళ్ల సంగతి తర్వాత, చూడవలసిన కన్ను నాది కదయ్యా అని పెద్దసారు వాడిని ఊరడించాడు.

సర్జన్ విని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. స్కానింగులో గడ్డ మంచిదిలాగే కనిపించిందని, తనకూ అనుమానంగానే ఉండేదని, అయినా పెద్దసారు సంతకం చూసి నోరెత్తలేదని ఒప్పుకున్నాడు. రిపోర్టు మార్చి పంపేస్తే చాలు, ఆమెకు తానే నెమ్మదిగా చెప్పుకుంటానన్నాడు.

"తప్పు నాది. నేనే వెళ్లి చెప్తా," అన్నాడు పెద్దసారు.

ఉద్యోగంలో చేరాక ఆయన వార్డుకు వెళ్లింది లేదు. ఏ మంచం ఎటుందో తెలియక నర్సును అడుగుతూ వెళ్లాడు. వెనకాలే నత్తమ్మ. టీచరమ్మ పక్కనే ఆమె భర్త పళ్లు కోస్తున్నాడు. పెద్దసారు తానెవరో చెప్పాడు. ఆ ముక్క ఆమెది కాదని, ఆమెకు క్యాన్సర్ లేదని, రేపు ఆపరేషన్ లేదని, పొరపాటు తనదేనని, తన సంతకం అయ్యాక దాన్ని ఇక ఎవరూ తిరిగి చూడరని వరసగా చెప్పేసి తల వంచుకున్నాడు.

టీచరమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత విరుచుకుపడింది. కూతురికి జడ వేస్తూ ఇదే ఆఖరేమో అనుకున్నానని, మీకేం, సంతకం పెట్టి ఇంటికెళ్లి నిద్రపోతారని కడిగి పారేసింది. భర్త ఆపబోతే అతన్నీ కసిరింది. ముక్కు మీద కోపముండే పెద్దమనిషి ఒక్క మాట ఎదురు చెప్పలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. తిట్టీ తిట్టీ ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిచి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆమెలోని టీచరు మేలుకున్నట్టుంది, సూటిగా అడిగింది.

"మీరు సంతకం పెట్టేశాక ఇక ఎవరూ చూడరన్నారుగా. మరి ఈ తప్పు పట్టిందెవరండీ?"

తలుపు దగ్గర నత్తమ్మ వెనక్కి తగ్గబోయింది. పెద్దసారు వెళ్లి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, ముందుకు తీసుకొచ్చి నిలబెట్టాడు.

"మా అమ్మాయండీ," అన్నాడు, వార్డంతా వినపడేలా.