మూడు కన్నా తక్కువైతే తెలుపు

తమ్ముడి మరణపత్రంలో గుండె ఆగి చనిపోయాడని రాయించింది నేనే. దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "అసలు సంగతి రాస్తే పోస్టుమార్టం, పోలీసులు. ఏం రాయమంటారు?" అని అడిగాడు. తమ్ముడి మోచేతి మడతలో సూది గుర్తులు ఆయనా చూశాడు, నేనూ చూశాను. అమ్మ ఎప్పుడో పోయింది. బాపు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "గుండె అనే రాయండి సార్" అన్నాను. ఎవరు పోయినా చివరికి గుండె ఆగే పోతారు కదా, ఇది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

తమ్ముడు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసేవాడు. పొద్దంతా నిలబడే పని. నడుము నొప్పికి బిళ్లలతో మొదలైంది. బిళ్లలు చాలక సూదికి పోయాడు. ఒక మధ్యాహ్నం అన్నానికి లేపబోతే పెదాలు నీలంగా ఉన్నాయి. ఆటో హనుమకొండ చేరేసరికి అంతా అయిపోయింది.

నా ఉద్యోగం కూడా హనుమకొండలోనే, ఆరోగ్య శాఖ ఆఫీసులో. మత్తుమందు మోతాదు మించి చనిపోయినవాళ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించి, ఊరి మ్యాప్ మీద రంగులుగా చూపించాలి. తమ్ముడు పోయిన ఏడాదే ఈ పని నాకు అప్పగించారు. కాదనలేదు. వరంగల్‌ను గడులుగా విభజించాం. మరణాలు ఎక్కువున్న గడి ముదురు ఎరుపు, తగ్గేకొద్దీ లేత రంగు. ఊపిరి ఆగిపోతున్న మనిషిని నిలబెట్టే విరుగుడు ఇంజెక్షన్లు కొన్ని వచ్చాయి. రంగు పడిన గడుల్లోని బస్తీ దవాఖానల్లో వాటిని పెట్టాలని, వేయడం నేర్చిన నర్సును అక్కడ ఉంచాలని నిర్ణయించారు.

మొదటి మీటింగులో నేనొక నియమం చెప్పాను. గడిలో మూడు కన్నా తక్కువ మరణాలుంటే రంగు వేయొద్దు, తెల్లగా వదిలేయాలి. ఒక్కటే ఉంటే అది ఏ ఇల్లో వాడకట్టంతా పోల్చుకుంటుంది. ఇలాంటి మ్యాపులకు అది మంచి పద్ధతే, పుస్తకాల్లో కూడా ఉంటుంది. అందరూ ఒప్పుకున్నారు. చెప్పేటప్పుడు నా మనసులో ఉన్నది మాత్రం, తమ్ముడి సంగతి ఎప్పటికైనా లెక్కలోకి వస్తే బయటపడే మా ఇల్లొక్కటే.

మాకు రెండిళ్ల అవతల ఉండే ఆమె ఒక గురువారం పొద్దున వచ్చింది. ఆమె భర్తా, తమ్ముడూ ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లు.

"అక్కా, మా ఆయన నిన్న కూసున్నకాడనే ఒరిగిండు. చెంపలు కొడితే కండ్లు తెరిసిండు. తెరిసి, 'జర నిద్రవట్టింది, గంత లొల్లెందుకే' అంటాండు. నిద్రెట్లుంటదో నాకు తెల్వదా? మత్తు మానిపిచ్చే దవాఖానకు పోదామంటే రాడు. మీ ఆఫీసోళ్లు ఏదో సూదిమందు ఇస్తాండ్రట గద. మన బస్తీ దవాఖానకు వస్తదా?"

"చూస్త చెల్లె" అన్నాను. చూడాల్సిందేమీ లేదు. మా గడి తెల్లగా ఉంది. ఇంజెక్షన్లు ఇచ్చే దవాఖానల జాబితా సోమవారం పైకి వెళ్తుంది.

ఆ సాయంత్రం మ్యాప్ ప్రింటు తీసి బాపు ముందు పెట్టాను. బాపు జంపఖానాలు నేస్తాడు. గ్రాఫ్ కాగితం మీద గీసిన డిజైన్ చూసి, గడులు లెక్కపెట్టి నూలు రంగు మార్చడం ఆయన జీవితమంతా చేసిన పని. వివరించే అవసరం రాలేదు.

"మనదేది?"

వేలు పెట్టి చూపించాను.

"రంగుండాలె గద. ఎవలు ఇడిసిపెట్టిండ్రు?"

"నేనే బాపు."

ఆ గడి మీద తనూ వేలు పెట్టాడు. "ఒక్క గడి తప్పితే ఆడికెల్లి నేసిందంత తప్పైతది. తప్పినకాడిదాంక ఇప్పాలె బిడ్డా."

ఇంటివాళ్లు రాసిచ్చిన మాట కూడా మా లెక్కలోకి వస్తుంది. బాపు ఫారం అడిగి, కొడుకు మత్తుమందుతోనే పోయాడని రాయించి సంతకం పెట్టాడు. "వాని పేరు కంప్యూటర్ల కనబడ్తదా?" అని మాత్రం అడిగాడు. కనబడదన్నాను. "కనబడ్డా ఏం గాదు తియ్" అన్నాడు.

మర్నాడు ఆఫీసరుకు ఫారం ఇచ్చాను.

"ఒక్కటే గద మేడమ్. మూడుండాలె."

"ఆ నియమం తీసేద్దాం సార్."

"తీసేస్తే ఒక్కొక్కటున్న గడులన్నిటికి రంగు వెయ్యాలె. గన్ని ఇంజెక్షన్లు ఏడికెల్లి తేవాలె? అయినా, ఇండ్ల గుట్టు బయటపడొద్దన్నది మీరే గద."

ఆయన ఎగతాళిగా అనలేదు.

మా వాడకట్టులో వయసులో ఉండి 'గుండెపోటు'తో పోయినవాళ్లు ఇంకో ఇద్దరు ఉన్నారని నాకు తెలుసు. శనివారం మొదటి ఇంటికి వెళ్లాను. పోయినతని అన్న గడపలోనే నిలబడి విన్నాడు. సంతకం పెట్టి, "ఇగ మా ఇంటికి రాకు" అన్నాడు. రెండో ఇంట్లో తల్లి బియ్యం ఏరుతోంది. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. విన్నాక చాట పక్కన పెట్టింది.

"మావోనిది గుండె జబ్బే బిడ్డా."

"పెద్దమ్మా, ఇంకో మనిషి బతుకుతడు."

"నీ తమ్ముడు సచ్చిననాడు నువ్వేం రాయించినవ్?"

మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"నీకు ఇజ్జత్ గావాలె, నాకద్దా?"

ఆదివారం మళ్లీ వెళ్తే తలుపు తీయలేదు.

సోమవారం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సంతకం లేకుండా మూడో మరణాన్ని నేనే ఎక్కించవచ్చు. ఎవరూ అడగరు. పైగా అది నిజం. కానీ ఆ తల్లి నా ముఖం మీదే వద్దంది. వేళ్లు కీబోర్డు మీద పెట్టి, తీసేశాను. అది న్యాయమో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. పన్నెండింటికి జాబితా వెళ్లిపోయింది.

సాయంత్రం బస్సు దిగి వస్తుంటే రెండిళ్ల అవతలి ఆమె వీధిలోనే ఎదురొచ్చింది.

"వస్తదా అక్కా?"

రాదని చెప్పాను. ఎందుకు రాదో కూడా చెప్పాను. రెండే ఉన్నాయని, ఇంకొకటి తక్కువైందని. అలా చెప్పకుండా ఉండాల్సింది.

"ఇంకొక్కటే గద?" అంది. "జర ఆగు. మా ఇంట్లకెల్లే వస్తది."

అని నవ్వింది. నవ్వుతూనే గోడ పట్టుకుంది. ఆమెను పట్టుకోబోయాను. నా చెయ్యి తోసేసింది.

ఆమె భర్త ఇంకా బతికే ఉన్నాడు. పొద్దున్నే నల్లా దగ్గర పళ్లు తోముకుంటూ గట్టిగా దగ్గుతాడు. మా ఇంట్లోకి వినబడుతుంది. అది వినబడేదాకా బాపు మగ్గం మీద కూర్చోడు, నేను ఆఫీసుకు కదలను. ఇద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇవాళ దగ్గు ఆలస్యంగా వినిపించింది.