నల్ల పిత్తం

అమెరికాలో, ఫ్రిస్కోలోని మా అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు నాకు ఒకటే ఉద్యోగం, మనవరాలిని స్పెల్లింగ్ బీ పోటీకి తయారుచేయడం. కాగితం చూసి నేను పదం చదవాలి. అది నా ఉచ్చారణకు కాసేపు నవ్వుకుని, ఆ పదం ఏ భాషలోంచి వచ్చింది, అర్థమేమిటి అని అడగాలి. పోటీలో అలా అడగొచ్చట.

ఒకరోజు 'మెలంకలీ' వచ్చింది. గ్రీకు మాట. నల్ల పిత్తం అని అర్థం. అది ఒంట్లో ఎక్కువైతే మనిషికి దిగులు పట్టుకుంటుందని పాతకాలం వాళ్లు నమ్మారట. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి కాలేజీలో జువాలజీ చెప్పి, కప్పల్ని కోసి చూపించినదాన్ని. పిత్తం పచ్చగా ఉంటుంది, నల్లగా ఎక్కడుంది? అయినా మనవాళ్లూ తక్కువ తినలేదు. చిన్నప్పుడు నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, పైత్యం చేసిందని మా అమ్మ అల్లం మురబ్బా నోట్లో పెట్టేది. కారణం దొరకని దిగులు కదా, అందరూ కడుపులో వెతికారని పిల్లకి చెప్పాను.

అది పెన్సిల్ కింద పెట్టింది.

"అమ్మమ్మా, మరి అమ్మకి అది ఉందా? డైలీ గరాజ్‌లో, కార్‌లోనే కూర్చుంటుంది కదా."

ఆ సంగతి నాకూ తెలుసు. గరాజ్ డోర్ దిగిన చప్పుడు వినిపిస్తుంది. మనిషి మాత్రం ఎంతసేపటికీ లోపలికి రాదు. అడిగితే ఆఫీస్ కాల్ అంటుంది. అల్లుడితో గొడవల్లేవు, ఉద్యోగం బాగానే ఉంది. ఇంక గుచ్చి గుచ్చి ఏం అడుగుతాను? పైగా ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఆ సాయంత్రం చప్పుడు వినగానే గరాజ్‌లోకి వెళ్లాను. అమ్మాయి ఇంజన్ ఆపి, సీట్ బెల్ట్ కూడా తీయకుండా ఎదురుగా గోడకేసి చూస్తోంది. పక్క సీట్లో ఉన్న ఫోన్ తీసి ముందు పెట్టి, ఆ సీట్లో కూర్చున్నాను. ఏమైందే అన్నాను.

"ఏం కాలేదమ్మా. అదే అర్థం కావట్లేదు. నువ్వు వెళ్లాక ఏడుద్దామని ఆపుకుంటున్నా. నువ్వున్నన్నాళ్లూ హ్యాపీగా కనపడాలని."

నేను దానివైపు తిరిగాను.

"నవ్వేటప్పుడు చూడ్డానికి వీడియో కాల్ చాలే పిచ్చిదానా. ఇంత దూరం వచ్చింది దేనికనుకున్నావు?"

బెల్ట్ నేనే తీశాను. అప్పుడు ఏడ్చింది.