పట్నం మిషిను, నా కాలు

అల్లం తవ్వే నెలలో ఒక మంగళవారం, పొద్దున పదిన్నర. జహీరాబాద్ దవాఖానలో నా కుడికాలు బల్ల మీద, ప్రాణం అరచేతిలో ఉన్నాయి. ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. రాసిన కాగితం కనబడితే చాలు, భూమి పోతుందని భయపడేవాణ్ణి (చదువు వచ్చాక కూడా ఆ భయం పోలేదు, దేనికి భయపడాలో తెలిసింది, అంతే). కోహీర్ దగ్గర మా చేనులో పార జారి బొటనవేలి మీద పడి, గాయం చీము పట్టింది. డాక్టర్ సాబ్ గోలీలు ఇచ్చాడు. ఆయన దగ్గరికి హైదరాబాదు నుంచి ఒక చదువుకునే పిల్లగాడు వస్తుండేవాడు. మా చీము దూదికి అద్దుకుని పోయి, ఏ మందుకు ఒంట్లో పురుగు ఎన్నాళ్లలో చస్తుందో పట్నంలోని కంప్యూటర్‌తో లెక్క కట్టించడం అతని పని. చీముతో ఏం వ్యాపారం చేస్తాడోనని నాకు మొదటినుంచీ అనుమానమే.

ఆ పొద్దున అతను గీతలున్న పొడుగాటి కాగితం పరిచి, నా కాలు చూసి, తర్వాత నా మొహం చూశాడు.

"లెక్క ప్రకారం ఈపాటికి పురుగు చచ్చిపోవాలె. మందు నీ రక్తంల కలుస్తలేదు. నిజం చెప్పన్నా, గోలీలు మింగుతున్నవా, పారేస్తున్నవా?"

"పట్నంల కూసున్న మిషిన్‌కు నా కడుపుల సంగతి ఎవలు చెప్పిన్రు?" అన్నాను. "మీ గోలీలల్ల ఉత్త సున్నమే ఉన్నదేమో, జర అది సూస్కోన్రి."

"గిట్ల కొట్లాడుకుంట కూసుంటే చీము ఎముకకు ఎక్కుతది," అన్నాడు డాక్టర్ సాబ్. "అప్పుడు వేలు గాదు, పాదమే తీసెయ్యాలె."

పాదం లేనివాడికి చేనెందుకు? తలుపు దగ్గరున్న మా అమ్మ ముందుకొచ్చింది.

"నా కొడుకు దొంగ గాదు సారూ. ప్రతి గోలీ నా చేతులతోని ఏసిన. ఉత్త నీళ్లతోని ఏస్తే వేడి చేస్తదని, చెంబెడు బర్రెపాలు తాగిపిచ్చి మరీ ఏసిన."

డాక్టర్ సాబ్ కళ్లజోడు తీసి నుదురు పట్టుకున్నాడు. ఆ గోలీ పాలలో చిక్కుకుంటే రక్తంలోకి సరిగ్గా పోదట. నీళ్లతోనే మింగమని ఆయన చెప్పాడు కూడా. చెప్పింది నాకు, మింగించేది అమ్మ.

అమ్మ మొహం చిన్నబోయింది. "అయితే నా కొడుకు కాలు నేనే తీస్తున్ననా?"

పిల్లగాడు కాగితం మడిచాడు. "నీ తప్పు గాదు పెద్దమ్మా. మీ బర్రె సంగతి మిషిన్‌కు నేనే చెప్పలే."

నీళ్లతో మింగాక గాయం మానింది. వేలు కాస్త వంకరైంది, కానీ నాకే మిగిలింది. ఆ తర్వాత అమ్మ పాలు పోసినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, "గోలీ ఏం ఏస్కోలే గదా బిడ్డా?" అనేది. నేను కసురుకునేవాణ్ణి. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

ఆ రోజు అక్కడున్నది డాక్టర్ సాబ్, లెక్కల పిల్లగాడు, మా అమ్మ, ఆమెను తప్ప అందరినీ అనుమానించిన నేను.