గంజి పెట్టిన కుస్తీ కోటు

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో గంజి పెట్టని గుడ్డ గుడ్డే కాదు. పడుగుకు గంజి, పంచెకు గంజి, దిండు గలీబుకూ గంజే. (చెబుతున్నది నేను, రాస్తున్నది మా అమ్మాయి.) బడి మానేసి మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటున్న నన్ను మా వీధి కుస్తీ సారు చేర్చుకున్నాడు. ఆయన దగ్గర కుస్తీ రెండు రకాలు. మందపాటి కోట్లు తొడుక్కుని, ఒకరి కాలరు ఒకరు పట్టుకుని పడేసేది ఒకటి. కోటు లేకుండా, బిగుతు బనీను మీద, మెడో నడుమో దొరకబుచ్చుకునేది ఇంకొకటి. "పాము మాదిరి జారతావు, నీకు కోటొద్దులేమ్మా" అన్నాడు సారు. మా అమ్మ ఒప్పుకుంటేగా! "కోటుంటేనే పో. అది తీసిన రోజు వచ్చి కండెలకాడ కూచో" అంది. అలా నా కుస్తీ అంతా సారు ఇచ్చిన ఆ ఒక్క కోటు మీద నిలబడింది.

ఆదోనిలో పోటీ పెట్టారు. పెద్దూరి వాళ్ల ముందు నలిగిన కోటేమిటని మా అమ్మ నాకు చెప్పకుండా దానికి పడుగు గంజి పట్టించింది. తొడుక్కుంటే తలుపు తొడుక్కున్నట్టుంది. మొదట బాగానే ఉంది, ఆదోని పిల్లకు నా కాలరు వంగలేదు, పట్టు దొరకలేదు. తర్వాత చెమట పట్టింది, గంజి కరిగింది. ఆ పిల్ల వేళ్లు నా కోటుకు, నా కోటు ఆ పిల్ల కోటుకు అతుక్కుని, కింద పడ్డా విడిపోము. "ఇది కుస్తీ కాదప్పా, గోడకు పోస్టరు అంటించినట్టుంది!" అని ఎవరో అరిచారు. రెఫరీ మమ్మల్ని ఊడదీసి, "ఇద్దరూ కోట్లు తీసి ఆడండి. నువ్వు తీయనంటే ఓడినట్టు రాసుకుంటా" అన్నాడు నాతో. (లోపల మా అన్న బనీను, మోకాళ్ల దాకా.)

తీస్తే రేపటి నుంచి కండెలే. మా అమ్మ వైపు చూశాను. జనంలోంచి లేచి నిలబడింది.

"తీయ్ మే! గంజి పెట్టింది నేనైతే నువ్వేంటికి ఓడిపోవల్ల?"

తీశాను. ఓడిపోయాను కూడా, అది వేరే సంగతి. ఆడినంతసేపూ "నడుం పట్టుకో మే, నడుం!" అన్న మా అమ్మ కేక ఒకటే వినబడింది. మర్నాడు పొద్దున కండెల దగ్గర కూర్చోబోతే, "పొద్దెక్కతాంది, ఇంకా కుస్తీకి పోలేదా?" అంది.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా మా ఆయన కొత్తగా నవ్వేవాడు. ఆయన పోయి నాలుగేళ్లు. ఇప్పుడు మా అమ్మాయి కోటు లేని కుస్తీకే పోతోంది. బనీను మరీ బిగుతేమోనని నేనంటాను, "అమ్మా!" అని అదంటుంది. నిన్న ఆ బనీను ఉతికి ఆరేయబోతూ చూసుకున్నాను కదా, నా చేతిలో గంజి చెంబు ఉంది.