బ్యారెల్ మార్చినంత మాత్రాన

1991లో, కువైట్ యుద్ధం ముగిసిన కొన్ని నెలలకు, ఒమాన్‌లోని నిజ్వాలో ఒక తుపాకుల మరమ్మతు షాపులో ఆర్మరర్‌గా చేరాను. ఆర్మరర్ అంటే ఆయుధాన్ని విప్పి, కొలిచి, బాగుచేసి, అది కాల్చడానికి పనికొస్తుందో లేదో తేల్చి చెప్పేవాడు. మన సైన్యంలో ఆ పనే చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. కడపలో ఊరికే కూర్చోలేక వెళ్లాను. షాపు యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు. ఆయన మస్కట్‌లో ఉండేవాడు, ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. పెత్తనమంతా మేనేజర్ ఖలీల్‌ది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. మాటకారి. తుపాకీ గురించి మాత్రం ఓనమాలు రావు. రాకపోవడం తప్పు కాదు. రాదని ఒప్పుకోకపోవడం తప్పు.

ఒకనాడు సాలిం అనే పెద్దాయన ఒక రైఫిల్ తెచ్చాడు. త్రీ నాట్ త్రీ. మన దగ్గర పోలీసుల భుజాన అందరూ చూసిందే. బ్రిటిష్ సైన్యం వాడి, వద్దనుకుని వదిలించుకున్న సరుకు అది. నిజ్వా చుట్టుపక్కల ఇళ్లలో అలాంటివి తాతల నాటి నుంచీ ఉన్నాయి. చెక్కకు వెండి పట్టీలు వేయించి గోడకు తగిలిస్తారు. పెళ్లయితే మగవాళ్లంతా బారుగా నిలబడి, కొండ మీద పెట్టిన తెల్లరాయిని గురిచూసి కాలుస్తారు. సాలిం చిన్నకొడుకు పెళ్లి దగ్గరపడింది. తాత రైఫిల్‌తో మొదటి గుండు పెళ్లికొడుకే కాల్చాలని వాళ్లింటి ఆనవాయితీ.

ఆయన ఫిర్యాదు రెండు ముక్కల్లో ఉంది. గుండు గురి తప్పుతోంది. కిందటి పండక్కి కాల్చినప్పుడు వేడిగాలి వెనక్కి తన్ని చెంప కమిలింది. బ్యారెల్ పోయింది, మార్పించుకోమని ఊళ్లో అందరూ చెప్పారట. నేను లోపల్నుంచి వచ్చేలోపే ఖలీల్ ఒప్పేసుకున్నాడు. కొత్త బ్యారెల్ వేస్తే తుపాకీ కొత్తదైపోతుందని కూడా మాటిచ్చాడు.

విప్పి చూశాను. బ్యారెల్ పోయిన మాట నిజమే. గుండును తిప్పే లోపలి గాడులు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. గురి తప్పడానికి అదే కారణం. కాని గాలి వెనక్కి తన్నడం బ్యారెల్ చేసే పాపం కాదు. తూటా పేలినప్పుడు దాన్ని వెనకనుంచి అదిమిపట్టి ఉంచేది బోల్టు. ఆ బోల్టుకు రెండు పక్కలా లగ్గులని చిన్న ఉక్కు కొమ్ములుంటాయి. అవి తుపాకీ బాడీలో వాటిని ఆపే గట్లకు, అంటే ఆనకట్లకు, రెండువైపులా సమానంగా ఆనాలి. అందుకే ఫ్యాక్టరీలో ప్రతి బోల్టునూ ఒక్క బాడీకే సరిపడేలా అమర్చి, రెండింటి మీదా ఒకే నంబరు కొడతారు. ఈ రైఫిల్ మీద ఒక నంబరుంది, బోల్టు మీద ఇంకొకటుంది.

సాలింను అడిగాను. ఆయనకు ఉర్దూ బాగానే వచ్చు. తాము ముగ్గురన్నదమ్ములమనీ, మూడు తుపాకులకూ లైసెన్సులున్నాయనీ, పిల్లలున్న ఇల్లని వాళ్లమ్మ బోల్టులన్నీ ఊడదీయించి ఒకే పెట్టెలో పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకునేదనీ చెప్పాడు. పండక్కి, పెళ్లికి తాళం తీసేవాళ్లు. ఎవరి చేతికి ఏది తగిలితే అది. "అన్నీ ఒకటేగా ఉస్తాద్? దూరింది, తిరిగింది" అన్నాడు.

ఆ తల్లిని ఏమనగలను? పిల్లల ప్రాణం కోసమే చేసింది. చాలా సైన్యాల్లోనూ బోల్టులు విడిగానే దాస్తారు, కాని ఏది దేనిదో గుర్తు పెడతారు. ఇక్కడ జరిగింది ఒకరి కట్టుడుపళ్లు ఇంకొకరి నోట్లో పెట్టడం.

పెట్టెలో ఉన్నవన్నీ తెమ్మన్నాను. మర్నాడు గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. అసలు బోల్టు దొరికింది. లగ్గులకు నీలిరంగు పూసి, దూర్చి, మూసి, తీసి చూశాను. రంగు బాడీలో రెండువైపులా అంటాలి. ఒకవైపే అంటింది. పరాయి బోల్టు ఏళ్ల తరబడి ఒకే పక్క గుద్ది గుద్ది ఆ పక్క ఆనకట్టును నలగ్గొట్టింది. అసలు బోల్టు వచ్చినా ఇక లాభం లేదు. బ్యారెల్ మార్చవచ్చు, బోల్టు మార్చవచ్చు. బాడీ పోయిందంటే తుపాకీ పోయినట్టే. సాలింకు అదే చెప్పాను, గోడకు తగిలించుకోమన్నాను. కొత్త బ్యారెల్ వేసినా లాభం లేదా అని మళ్లీ మళ్లీ అడిగాడు. లేదన్నాను. ఆయన మొహం వాడిపోయింది.

రైఫిల్‌ను షాపులోనే వదిలి ఆయన వెళ్లాక ఖలీల్ నా మీద పడ్డాడు.

"క్యా ఉస్తాద్, నీ మిలిటరీ దిమాగ్ ఇక్కడ నక్కో. ముసలాయన బ్యారెల్ అడిగిండు, బ్యారెల్ ఇద్దాం. గోడకు తగిలించుమని చెప్పనీకి షాపెందుకు?"

"పేల్తే పెండ్లికొడుకు మొగం పోతాది. నువ్వు కాలుస్తావా దాన్ని? చెంప ఆనిచ్చి కాల్చు, నేను చూచ్చా" అన్నాను.

నవ్వాడు. నవ్వినందుకు నాకు ఒళ్లు మండింది. ఆ పని నేను చేయనని చెప్పేశాను. నేను చేయకపోతే ఇంకెవరూ చేయరనుకున్నాను. కాని అతను నాకు తెలియకుండా రైఫిల్‌ను మస్కట్‌లో ఇంకో షాపుకు పంపి, కొత్త బ్యారెల్ బిగింపజేసి, బోల్టు ముందుభాగం కాస్త పొడవున్నది వేయించి తెప్పించాడు. తూటాకూ బోల్టుకూ మధ్య సందు కొలిచే ఉక్కుబిళ్లను గేజ్ అంటాం. పొడవైన ముక్క వేస్తే సందు తగ్గి గేజ్ పాసవుతుంది. నలిగిన ఆనకట్టు మాత్రం నలిగినట్టే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

గురువారం మధ్యాహ్నం రైఫిల్ ర్యాకులో లేదని గమనించి అడిగితే అప్పుడు ఇదంతా బయటపడింది. పొద్దున్నే సాలిం తీసుకుపోయాడట. పెళ్లి ఆ సాయంత్రమే. "గేజ్ పాస్ అయింది ఉస్తాద్, బస్. కస్టమర్ ఖుష్, అర్బాబ్ ఖుష్" అన్నాడు ఖలీల్, టీ తాగుతూ.

అతనితో మాట్లాడితే ఆలస్యమవుతుందని పికప్ టాక్సీ ఎక్కాను. దారి పొడుగునా అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. సాలిం ఊరు చేరేసరికి మగవాళ్లు బారుగా నిలబడి ఉన్నారు. పాటలు, డప్పులు. పెళ్లికొడుకు ఖమీస్ రైఫిల్ భుజానికెత్తాడు. పరిగెత్తి అతని ముందు నిలబడ్డాను. డప్పులు ఆగిపోయాయి.

సాలిం మొహం ఎర్రబడింది. "పెళ్లింట్లో, ఇందరి ముందు, నా కొడుకు చేతిలోది లాక్కుంటావా?"

"లాక్కోను వాలిద్" అన్నాను. పెద్దవాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు. "చెంప ఆనించకుండా కాల్చండి, అంతే. రైఫిల్ బద్దలవకపోతే నన్ను ఊళ్లోంచి తరమండి."

పరీక్ష కాల్పుల పద్ధతి ఒకటుంది. రైఫిల్‌ను పాత టైరుకు కట్టి, ట్రిగ్గర్‌కు తాడు కట్టి, గోడ చాటునుంచి లాగుతాం. అలాగే కట్టాను. మొదటి తూటా చక్కగా పోయింది. ఎవరో నవ్వారు. రెండోదీ పోయింది. అందరూ నవ్వారు. ఖమీస్ నవ్వలేదు, తండ్రివైపు చూశాడు. సాలిం నన్ను చాలించమన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, కాని ఇంకొక్కటన్నాను. తాడు లాగాను.

ఆ చప్పుడు వేరుగా వచ్చింది. వెళ్లి చూస్తే తూటా తొడుగు అడుగు తెగి విడిపోయింది. బోల్టు లగ్గు విరిగింది. చెక్క నిలువునా చీలి, వెండిపట్టీ ఎగిరి గోడకు గుచ్చుకుంది. సరిగ్గా చెంప ఆనించే చోటే చీలింది. ఖమీస్ తన చెంప తడుముకున్నాడు. సాలిం నావైపు తిరిగాడు: "నువ్వు చెప్పావు, నేను వినలేదు. అది నా తప్పు. మరి మీ ఖలీల్ నీ మాట వినీ నాకెందుకిచ్చాడు?"

శనివారం ఆ ముక్కలు తెచ్చి ఖలీల్ బల్ల మీద పెట్టాను. అతను బ్యారెల్ ఎత్తి, వెలుతురుకు పట్టి, లోపలికి తొంగిచూశాడు.

"దేఖో ఉస్తాద్, బ్యారెల్‌కేం కాలే. మన పనిల తప్పు లేదు."

నా చేతిలో సుత్తి ఉంది. దాన్ని కింద పెట్టి బయటికి నడిచాను. అర్బాబ్‌కూ అతను అదే చెప్పాడు, అర్బాబ్ నమ్మాడు. వీసా ముగిసేదాకా అక్కడే పనిచేశాను గాని ఖలీల్‌తో డ్యూటీ మాట తప్ప మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు మండుతుంది, ఎందుకంటే అది అబద్ధం కాదు.

పాత సైనిక రైఫిల్‌కు బ్యారెల్ మార్పించడం దండగా కాదా అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. బాడీ, బోల్టు ఒకదానికొకటి సరిపోయి, రెండు లగ్గులూ ఆనుతున్నాయని తెలిసిన ఆర్మరర్ తేల్చితే మార్పించుకోండి, గురి బాగుపడుతుంది. అది తేలకపోతే కొత్త బ్యారెల్ వల్ల జరిగేది ఒక్కటే. భయపడి పక్కన పెట్టిన తుపాకీని మనిషి మళ్లీ ధైర్యంగా చెంపకు ఆనిస్తాడు.